తెల్ల బకెట్టు, ఎనిమిది సీసాలు: యూనివర్సల్ స్టెయినర్లలో ఏవి కొనాలి, ఏవి అక్కర్లేదు

ఏ ఊళ్ళో పెయింట్ల కొట్టుకెళ్ళినా కౌంటరు వెనక అరలో, తెల్ల పెయింట్‌లో రంగు కోసం కలిపే చిన్న సీసాలు వరసగా పేర్చి ఉంటాయి. 50, 100, 200 మిల్లీలీటర్ల సైజుల్లో దొరుకుతాయి. మేస్త్రీలు 'స్టైనర్' అంటారు. ఏషియన్ పెయింట్స్, బెర్జర్, నెరోలాక్ లాంటి పెద్ద కంపెనీలన్నీ వీటిని అమ్ముతాయి. నీళ్ళతో కలిపే ఎమల్షన్‌లో పోసినా, టర్పెంటైన్‌తో కలిపే ఎనామెల్‌లో పోసినా కలుస్తాయి కాబట్టి వీటికి 'యూనివర్సల్' అని పేరు. ఇది ఫలానా కంపెనీ సరుకు మీద తీర్పు కాదు. అన్ని కంపెనీలవాళ్ళూ అమ్మే ఎనిమిది మామూలు రంగుల గురించి: ఎల్లో ఆక్సైడ్, ఫాస్ట్ ఎల్లో, రెడ్ ఆక్సైడ్, ఫాస్ట్ రెడ్, ఫాస్ట్ బ్లూ, ఫాస్ట్ గ్రీన్, ఫాస్ట్ వయొలెట్, బ్లాక్.

ముందే తేల్చి చెప్పేస్తాం. ఒక గోడకి, ఒక అలమరకి, పూలకుండీలకి, పాత రంగుకి దగ్గరగా తెచ్చి వేసే చిన్న ప్యాచ్‌కి ఇవి డబ్బుకి తగ్గ సరుకు. ఇల్లంతా వేయడానికి, లేదా ముదురు రంగులకి మాత్రం పనికిరావు. ఎనిమిదీ కొననక్కర్లేదు, నాలుగు చాలు. ఏ నాలుగో తెలియాలంటే సీసాలో ఏముందో తెలియాలి.

సీసాలో ఉన్నది రంగు, పెయింట్ కాదు

బాగా మెత్తగా నూరిన రంగుపొడి, అది గడ్డకట్టకుండా విడదీసి ఉంచే సబ్బులాంటి పదార్థాలు, సీసాలో ఎండిపోకుండా కాసే గ్లైకాల్ లాంటి ద్రవం. ఇంతే. గోడకి పట్టి ఉంచే జిగురు ఇందులో ఉండదు. ఆ జిగురు మనం పోసే ఎమల్షన్‌లోదే. స్టెయినర్ ఎక్కువైన కొద్దీ ఉన్న జిగురే ఎక్కువ పొడిని పట్టుకోవాల్సి వస్తుంది. ఆరాక తడిగుడ్డతో తుడిస్తే గుడ్డకి రంగు అంటడానికి ఇదే కారణం. ఎనామెల్‌లో అయితే ఆరడం ఆలస్యమవుతుంది, తలుపు రోజుల తరబడి వేలికి అతుక్కుంటూనే ఉంటుంది. వానాకాలం చెమ్మలో గోడ మీద నత్త పాకినట్టు జిగటచారలు దిగుతాయి. సీసాలోని సబ్బు పదార్థం పైకి తేలి కారడమే అది.

గరిష్ఠంగా ఎంత పోయొచ్చో లేబుల్ మీద ఉంటుంది, దాన్ని దాటొద్దు. మేము పాటించే లెక్క ఇంకొంచెం పిసినారిది: లీటరు ఎమల్షన్‌కి అన్ని స్టెయినర్లూ కలిపి 20 మి.లీ. అంతకంటే ముదురు కావాలంటే ఈ సీసాలతో అయ్యే పని కాదు.

కొట్టులో 'ఇంకో సీసా పొయ్యండి, ముదురొస్తుంది' అంటారు. రాదు. తెల్ల పెయింట్ నిండా టైటానియం డయాక్సైడ్ ఉంటుంది. అది వెలుగుని ఎడాపెడా వెనక్కి కొట్టే పొడి. దాంట్లో ఎంత ఎరుపు పోసినా గులాబీ ముదురుతుందే తప్ప దొండపండు ఎరుపు రాదు. ముదురు రంగుకి తెల్లపొడి తక్కువగా ఉన్న బేస్ (రంగు కలపక ముందు పెయింట్) కావాలి, అది రంగులు కలిపే టింటింగ్ మెషిన్ ఉన్న కొట్లో దొరుకుతుంది.

ఎనిమిదింటికీ ఒకే బలం ఉండదు

సీసాలన్నీ ఒకే ఎత్తు, ఒకే ధర దరిదాపు. కానీ వాటి సత్తా మాత్రం ఏనుగూ ఎలకా. తెలియక చేసే పొరపాట్లలో సగం ఇక్కడే.

ఫాస్ట్ బ్లూ సాధారణంగా థాలోసయనిన్ (పొట్టిగా 'థాలో') అనే పిగ్మెంట్, అంటే రంగుపొడి. 1928లో స్కాట్లండ్‌లోని గ్రేంజ్‌మౌత్‌లో వేరే రసాయనం తయారుచేస్తుంటే, పాత్ర లోపలి పూత బీటవారి ఇనుము బయటపడి, నీలిరంగు మలినం ఒకటి తేలింది. ఆ కుటుంబంలోని రాగి రకం 1935లో మార్కెట్‌కి వచ్చింది. అప్పటినుంచి నీలం అంటే ఇదే. దీని బలం నమ్మశక్యం కాదు. లీటరు తెల్ల ఎమల్షన్‌లో 1 మి.లీ. వేస్తే లేత ఆకాశం రంగు వచ్చేస్తుంది. 5 మి.లీ. వేస్తే గది మొత్తం ఈతకొలను అవుతుంది. పెద్ద సీసా కొనొద్దు, 50 మి.లీ. సీసా మామూలు ఇంటికి ఏళ్ళ తరబడి వస్తుంది.

ఎల్లో ఆక్సైడ్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఇనుము తుప్పు జాతి రంగు, నెమ్మదస్తురాలు. 5 మి.లీ. వేస్తే మీగడ రంగు, 10 వేస్తే గంధం వైపు. చేయి జారి 2 మి.లీ. ఎక్కువ పడినా కొంప మునగదు. ఎండకి వెలవదు, సున్నానికి విరగదు. ఈ ఎనిమిదింటిలో ఒక్కటే కొనాలంటే ఇదే కొనండి, 200 మి.లీ.ది కొనండి.

ఫాస్ట్ ఎల్లో నిమ్మపండు పసుపు. కాస్త ఆకుపచ్చ ఛాయ ఉంటుంది. శుభ్రమైన ఆకుపచ్చలకి ఇదే ఆధారం. లోపం ఏమిటంటే, తెల్లలో పలచగా కలిపి ఎండ తగిలే గోడకి వేస్తే ఆక్సైడ్‌లా నిలబడదు. ఇది ఒంటరిగా వెలిస్తే పోనీ అనుకోవచ్చు. నీలంతో కలిపి ఆకుపచ్చ చేసి బయట గోడకి వేస్తే పసుపు వెలిసిపోయి నీలం మిగులుతుంది. పడమటి గోడ నీలంగా, వరండా నీడలో ఉన్న గోడ ఆకుపచ్చగా మారిన ఇళ్ళు అందుకే కనిపిస్తాయి. లోపలి గదులకే వాడండి.

ఫాస్ట్ రెడ్‌తో జాగ్రత్త. ఎరుపూ నీలం కలిపితే ఊదా వస్తుందని బడిలో నేర్చుకున్న పాఠం ఇక్కడ పారదు. ఈ ఎరుపులో నారింజ ఛాయ, ఆ నీలంలో ఆకుపచ్చ ఛాయ. రెండూ కలిస్తే వంగపండు రంగు రాదు, తడి మట్టి మీద బీట్‌రూట్ నీళ్ళు పోసినట్టు ఒక దిగులు రంగు వస్తుంది. దీనికి ఎవరి కలిపే చేతినీ తప్పు పట్టలేం. పిగ్మెంట్ వెలుగుని చేర్చదు, మింగుతుంది. గోడ మింగగా మిగిలిన వెలుగే మన కంటికి రంగు. నీలం స్టెయినర్ ఎరుపునీ నారింజనీ మింగుతుంది. నారింజ ఛాయ ఉన్న ఎరుపు ఆకుపచ్చనీ నీలాన్నీ మింగుతుంది, ఊదా వైపునీ చాలామటుకు వదలదు. ఊదాకి కావలసిన వెలుగు ఇద్దరి నోట్లోకీ పోయింది. మరి మిగిలేదేమిటి, మురికే. అచ్చు యంత్రాల్లో ఎరుపు బదులు మజెంటా (ముదురు గులాబీ) వాడేది ఇందుకే. మజెంటా నీలాన్ని వదిలిపెడుతుంది. స్టెయినర్ల అరలో మజెంటా సాధారణంగా ఉండదు కాబట్టి వంగపండు రంగు కావాలంటే వయొలెట్ సీసానే కొనండి, కలిపి తెద్దామనుకోకండి. లీటరుకి 3, 4 మి.లీ. చాలు.

పసుపూ నీలం మాత్రం కలుస్తాయి. ఈ నీలం ఎరుపు వైపుని మింగుతుంది, పసుపు నీలం వైపుని మింగుతుంది. ఇద్దరూ వదిలేది మధ్యలోని ఆకుపచ్చ. అదే నీలాన్ని ఎల్లో ఆక్సైడ్‌తో కలపండి, ఎండిన తమలపాకు రంగు వస్తుంది. ఆక్సైడ్ ఆకుపచ్చలో కూడా కొంత మింగుతుంది కాబట్టి కాంతి తగ్గుతుంది. ఇది లోపం కాదు. పడగ్గదికి ఆ మగత ఆకుపచ్చే బాగుంటుంది.

అన్నట్టు 'పచ్చ' అనే మాటతో కొట్టులో తంటా ఉంది. తెలుగులో అది పసుపుకీ చెల్లుతుంది, ఆకుకీ చెల్లుతుంది. 'లేత పచ్చ స్టైనర్ ఇవ్వు' అంటే ఏ సీసా చేతికొస్తుందో కొట్టబ్బాయి పెరిగిన ఊరిని బట్టి ఉంటుంది. సీసా మీది పేరు చదివి అడగండి.

ఫాస్ట్ గ్రీన్ కూడా థాలో జాతిదే. నీలంతో సమానంగా బలం. పసుపుతో కలిపి చిలకపచ్చ వైపు తేవడానికి సులువు. నీలం ఉంటే ఇది తప్పనిసరి కాదు.

రెడ్ ఆక్సైడ్ ఇటుక రంగు, జేగురు రంగు. గంధం, బిస్కట్, కనకాంబరం లాంటి రంగులకి కొద్దిగా కావాలి. దీని అసలు ఉపయోగం ఇంకోటి: ఆకుపచ్చ మరీ గాఢంగా ఉంటే రెండు చుక్కలు వేస్తే దిగుతుంది. ఆ పనికి నలుపు వాడేవాళ్ళే ఎక్కువ. నలుపు వేస్తే రంగు దిగదు, మసకబారుతుంది.

బ్లాక్ అంటే కార్బన్ మసి. తెల్లలో కలిపితే వచ్చే బూడిద రంగులో నీలి ఛాయ ఉంటుంది. పసుపులో కొంచెం కలిపితే ముదురు పసుపు కాదు, ఆలివ్ ఆకుపచ్చ వస్తుంది. మొదటిసారి చూసినవాళ్ళు సీసాలు మారాయనుకుంటారు. మారలేదు, మసి నీలంలా పనిచేసింది అంతే. చల్లగా ఉండే ఆ బూడిద రంగుని గచ్చకాయ రంగు వైపు తేవాలంటే ఎల్లో ఆక్సైడ్, ఒక చుక్క రెడ్ ఆక్సైడ్ కలపాలి.

కాబట్టి కొనాల్సిన నాలుగు: ఎల్లో ఆక్సైడ్, రెడ్ ఆక్సైడ్, ఫాస్ట్ బ్లూ, బ్లాక్. పిల్లల గదికో వంటింటికో మెరిసే ఆకుపచ్చ కావాలంటే ఐదోది ఫాస్ట్ ఎల్లో. ఫాస్ట్ రెడ్ మాత్రం తెల్లలో గులాబీకి తప్ప ఎందుకూ కొరగాదని మా అభిప్రాయం.

కలిపే పద్ధతి

చుక్కలు లెక్కపెట్టొద్దు. నీళ్ళయితే 20 చుక్కలు 1 మి.లీ. అవుతాయి. స్టెయినర్ చిక్కన, సీసా మూతిని బట్టి చుక్క సైజు మారిపోతుంది. మందుల షాపులో సూది లేని 2 మి.లీ., 10 మి.లీ. సిరంజీలు తెచ్చుకోండి, రంగుకొకటి. ఎంత లాగారో, ఎంత పోశారో కాగితం మీద రాయండి. రాయకుండా కలిపిన రంగు మళ్ళీ ఎవరికీ రాదు, కలిపినవాళ్ళకి కూడా.

సీసాని రెండు నిమిషాలు గట్టిగా ఊపాలి. అడుగున పొడి పేరుకుని ఉంటుంది. పైపైన తీసుకుంటే ఈ రోజు లేత, సీసా అయిపోయే వేళకి ముదురు.

స్టెయినర్‌ని నేరుగా బకెట్లో పోయకండి. చిన్న గిన్నెలో 100 మి.లీ. ఎమల్షన్, దానికి 20 మి.లీ. నీళ్ళు కలిపి, స్టెయినర్ అందులో వేసి, చారలు పోయేదాకా తిప్పాలి. ఈ గాఢ మిశ్రమాన్ని పాత నైలాన్ చీరముక్కలో వడకట్టి, అసలు బకెట్లోకి కొంచెం కొంచెంగా పోస్తూ అడుగంటా కలపాలి. వడకట్టకపోతే కరగని గడ్డ ఒకటి రోలర్ కింద చితికి, గోడ మీద అడుగు పొడవున నీలి గీత గీస్తుంది. అదీ సరిగ్గా రెండో కోటులోనే.

బకెట్లోని తెల్ల పెయింట్‌లో పదో వంతు ముందే పక్కకి తీసి ఉంచండి. రంగు ముదిరితే వాడుకోవడానికి. లీటరు పెయింట్ రెట్టింపు ముదిరిందంటే సరిచేయడానికి ఇంకో లీటరు తెల్ల కావాలి. కాబట్టి మొదట లెక్కలో సగం పోసి, చూసి, తర్వాత పెంచాలి. పప్పులో ఉప్పు సంగతే.

ఇప్పుడు ఎవరూ చేయని పరీక్ష ఒకటి. తెల్ల అట్ట మీద బ్రష్‌తో అరచేయంత పూత వేయండి. రెండు నిమిషాలాగి, తడి పూర్తిగా పోకముందే, ఒక మూల వేలితో పది సార్లు గుండ్రంగా రుద్దండి. రుద్దిన చోట రంగు ముదిరిందా? అయితే స్టెయినర్ ఇంకా సరిగా విడలేదు. పొడి గుంపులుగా ఉంది, మీ వేలు దాన్ని విడదీసింది. లేతబారిందా? తెల్లపొడి గుంపు కట్టి ఉంది. రెండు చోట్లా ఒకేలా ఉంటేనే కలిపింది చాలినట్టు. ఈ తేడా ఉండగానే గోడకి వేస్తే రోలర్ వేసిన మధ్యభాగం ఒక రంగు, మూలల్లో బ్రష్ వేసిన అంచులు ఇంకో రంగు అవుతాయి. గది చుట్టూ ఫోటో ఫ్రేమ్ కట్టినట్టు కనిపిస్తుంది. తప్పు మేస్త్రీ మీద పడుతుంది.

రంగు నిర్ణయం తడిలో చేయొద్దు. ఎమల్షన్ తడిగా ఉన్నప్పుడు జిగురు పాలలా తెల్లగా ఉంటుంది, ఆరాక అద్దంలా అవుతుంది. అందుకే ఆరిన రంగు ఎప్పుడూ ఒక మెట్టు ముదురు. లప్పం పెట్టిన పలక మీద రెండు కోట్లు వేసి, పూర్తిగా ఆరనిచ్చి, అదే గదిలో నిలబెట్టి ఉదయం ఒకసారి, రాత్రి లైటు కింద ఒకసారి చూడాలి. బూడిద రంగులూ గంధం రంగులూ పగలు ఒకటిగా, ఎల్‌ఈడీ కింద ఇంకొకటిగా కనిపిస్తాయి. పాత గోడకి ప్యాచ్ కలిపేటప్పుడు మరీ ముఖ్యం. పాత రంగులో వాడిన పిగ్మెంట్లు వేరు, మనవి వేరు. ఎండలో కలిసిన రెండు రంగులు ట్యూబ్‌లైటు కింద విడిపోతాయి.

మొదలుపెట్టడానికి కొన్ని లెక్కలు

ఇవి లీటరు తెల్ల ఇంటీరియర్ ఎమల్షన్‌కి. కంపెనీని బట్టి సీసా గాఢత మారుతుంది కాబట్టి వీటిలో సగంతో మొదలుపెట్టి పెంచుకోండి.

గంధం రంగు: ఎల్లో ఆక్సైడ్ 10 మి.లీ., రెడ్ ఆక్సైడ్ 1 మి.లీ., బ్లాక్ 0.2 మి.లీ. బ్లాక్ లేకపోతే ఐస్‌క్రీమ్ రంగులా తేలిపోతుంది.

లేత తమలపాకు రంగు: ఎల్లో ఆక్సైడ్ 8 మి.లీ., ఫాస్ట్ బ్లూ 1 మి.లీ. మొదట పసుపు పూర్తిగా కలిపి, నీలాన్ని 0.2 మి.లీ. చొప్పున వేయండి. 0.6 దాకా ఏమీ జరగనట్టుంటుంది, తర్వాత ఒక్కసారిగా ఆకుపచ్చలోకి దూకుతుంది. అక్కడ ఆగకపోతే వెనక్కి రావడానికి బోలెడు పసుపు తగలెయ్యాలి.

గచ్చకాయ రంగు: బ్లాక్ 3 మి.లీ., ఎల్లో ఆక్సైడ్ 3 మి.లీ., రెడ్ ఆక్సైడ్ 0.5 మి.లీ.

లేత చిలకపచ్చ: ఫాస్ట్ ఎల్లో 15 మి.లీ., ఫాస్ట్ గ్రీన్ 1.5 మి.లీ. తెల్ల బేస్‌లో ఇంతకంటే గాఢత రాదు.

తెల్లలో కలిసిన ప్రతి రంగూ కాస్త చల్లబడుతుంది, అంటే నీలం వైపు జరుగుతుంది. లేత రంగు ఆసుపత్రి గోడలా అనిపిస్తే చాలాసార్లు కావలసింది 1 మి.లీ. ఎల్లో ఆక్సైడ్, అంతే.

సున్నంలో వేయొచ్చా?

పల్లెల్లో ఇంకా గోడలకి సున్నం వేస్తారు కాబట్టి ఈ ప్రశ్న తప్పదు. సున్నం గట్టి క్షారం, కొన్ని రంగుల్ని చంపేస్తుంది. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడుతుంది చూడండి, అది రెండు రంగులు కలిసి మూడోది పుట్టడం కాదు, క్షారానికి పసుపే మారిపోవడం. పెయింట్‌లోనూ అంతే. ఆక్సైడ్లు, కార్బన్ నలుపు, థాలో నీలం, ఆకుపచ్చ సున్నానికి తట్టుకుంటాయి. ప్రష్యన్ బ్లూ విరిగి గోధుమ రంగుకి దిగుతుంది. సున్నంలో తెల్లదనం కోసం వేసే నీలిమందు పొడి అల్ట్రామెరైన్ జాతిదైతే క్షారానికి నిలుస్తుంది. దానికి పడనిది ఆమ్లం. కొత్త సిమెంటు ప్లాస్టరింగ్ కూడా క్షారమే. కనీసం 28 రోజులు ఆరనిచ్చి, ప్రైమర్ కొట్టాకే రంగు వేయాలి.

స్టెయినర్ ఖరీదనిపించి పసుపు పొడి రంగు విడిగా కొనేవాళ్ళున్నారు. పేరు లేని పొట్లం వద్దు. పాత పసుపు రంగుల్లో లెడ్ క్రోమేట్ అనే సీసం పదార్థం మామూలు. మన దేశంలో ఇళ్ళకి వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదని 2016లో నియమాలు తెచ్చారు, 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చాయి. లేబుల్ ఉన్న డబ్బా మీద ఆ మాట వెతుక్కోవచ్చు, పొట్లం మీద ఏం వెతుకుతాం?

మెషిన్‌తో పోలిస్తే

టింటింగ్ మెషిన్ కూడా చేసేది ఇదే, పిగ్మెంట్ ద్రవాల్ని బేస్‌లో పోయడం. తేడా నాలుగు చోట్ల. దాని దగ్గర మజెంటా లాంటి శుభ్రమైన రంగులుంటాయి. మిల్లీలీటరులో చిన్న భాగాన్ని కూడా కొలిచి పోస్తుంది. ముదురు రంగులకి వేరే బేస్ ఉంటుంది. ఫార్ములా నంబరు డబ్బా మూత మీది స్టిక్కర్‌లో ఉంటుంది కాబట్టి ఆర్నెల్ల తర్వాత కూడా అదే రంగు అడగొచ్చు. మూడు లీటర్లు దాటిన పనికి, బయటి గోడలకి, ముదురు రంగులకి మెషిన్ దగ్గరికే వెళ్ళండి. అర లీటరు కావాలి, మీ ఇంటి కిటికీ రంగుకి దగ్గరగా రావాలి, ఫార్ములా ఎక్కడా లేదు అంటే సీసాలే దిక్కు.

సీసాలతో గది వేస్తుంటే మాత్రం గదికి సరిపడా మొత్తం ఒకే బకెట్లో, పది శాతం అదనంగా కలపండి. రెండో బకెట్ అచ్చు అలాగే రాదు. తప్పక రెండు బకెట్లయితే గోడ మధ్యలో మార్చకుండా మూల దగ్గర మార్చండి. రెండు గోడల మీద వెలుగు ఎలాగూ వేరుగా పడుతుంది కాబట్టి తేడా కంటికి దొరకదు.

పని అయ్యాక సీసా మూతి తుడిచి మూత బిగించండి. మూతి దగ్గర ఎండిన పెచ్చు మళ్ళీ కరగదు, వచ్చేసారి బకెట్లో గడ్డై పడుతుంది. మిగిలిన కలిపిన పెయింట్‌ని మూత గట్టిగా పట్టే చిన్న డబ్బాలో అంచుదాకా నింపి, పైన కొలతల కాగితం అంటించండి. గోడకి మేకు దిగ్గొట్టి పీకిన రోజున కావలసింది ఆ డబ్బాయే.